గృహిణీ విచారము: కాలిబాటపై విడిచిన కుర్చీ



ఈ మాసమున మాకు వచ్చిన జాబులలో నొకటి సముద్రములు దాటి వచ్చినది. అమెరికా దేశమున బోస్టను నగరమందు కాపురముండు నొక సోదరి దానిని వ్రాసినది. ఆమె పుట్టినిల్లు గుంటూరు మండలములోని యొక పల్లె. ఆమె తల్లిగారు మన పత్రికకు చిరకాలపు చందాదారు. తల్లికిని కూతునకును నడుమ ఒక కుర్చీ విషయమై మనస్తాపము కలిగినదట. దానికి తీర్పు చెప్పుమని కూతురు మమ్ము కోరినది. తల్లీబిడ్డల తగవులో తలదూర్చుట మంచిది కాదని మేమెఱుగుదుము. అయినను ఆ జాబులోని ప్రశ్న యొక యింటికి చెందినది కాదు. పాత వస్తువు లేని యిల్లును, పాతదానిని బైట పెట్టని ఇల్లాలును లేరు గదా! కావున ఈ మాసపు విచారమునకు దానినే గ్రహించితిమి.

జాబులోని సంగతి యిది. బోస్టను విద్యార్థుల పట్టణము. అచ్చటి యద్దె యొడంబడికలలో చాల భాగము సెప్టెంబరు 1వ తేదీన ముగిసి, ఆనాడే క్రొత్తవి ప్రారంభమగును. అనగా ఒక్కదినముననే వేలకొలది జనులు ఇండ్లు మారుదురు. క్రొత్త యింట పట్టని బల్లలు, కుర్చీలు, దీపపు స్తంభములు, పుస్తకపుటలమారులు, వంటపాత్రలు కాలిబాటల యంచున పెట్టి పోవుదురు. విద్యార్థు లధికముగా నుండు ఆల్‌స్టన్ అను పేటలో ఈ సంబరము మెండు. ఎవరికి కావలసినది వారు ఉచితముగా నెత్తుకొని పోవుదురు గనుక అచ్చటివారు ఆ దినమునకు హాస్యముగా "ఆల్‌స్టన్ క్రిస్మసు" అని పేరిడిరి. పరదేశమునకు రెండు పెట్టెలతో వచ్చిన మన తెలుగు పిల్లలలో ననేకులు తొలి బల్లను, తొలి కుర్చీని ఇట్లే సంపాదించుకొనిరి.

మన సోదరియు నట్లే ప్రారంభించినది. మొదట తన యింటికొఱకు ఒక చదువుబల్ల తెచ్చుకొన్నది. దాని కాలు వదులై యుండగా తానే జిగురు పెట్టి బిగించి, ఉప్పుకాగితముతో రుద్ది, వార్నీషు పూసినది. చూచిన పొరుగామె వెలకు అడిగినది. అప్పటినుండి నెలాఖరు దినములలో వీధులు గాలించి, పనికివచ్చు వస్తువులు తెచ్చి, బాగుచేసి మారుబేరమున కమ్ముచున్నది. గడచిన సంవత్సరమున ఆమె గర్భవతిగా నున్నప్పుడు ఒక చక్కని ఊగుడుకుర్చీ దొరకినది. పురుటికి వచ్చు తన తల్లి అందు కూర్చుండి మనుమరాలి నూపునను నాశతో ఆ కుర్చీని అమ్మక, నెల దినములు శ్రమపడి బాగుచేసి, కిటికీయొద్ద నుంచినది.

తల్లి వచ్చినది. కుర్చీ ఎక్కడిదని అడిగినది. కూతురు దాచక చెప్పినది. "ఎవరో వీధిలో పారేసిన కుర్చీలో బాలింతరాలి యింట నన్ను కూర్చోమంటావుటే? అందులో ఎవరు పోయారో ఏమో!" అని తల్లి అన్నదట. తరువాత కూతురు ఇట్టి వస్తువులను అమ్ముచున్నదని తెలిసి, "చిత్తుకాగితాలు ఏరుకునే పనికా నిన్ను చదివించింది?" అని కంట నీరు పెట్టుకొన్నదట. ఆఱు నెలలుండి, మనుమరాలిని నేలమీద కూర్చుండి యాడించి, ఆ కుర్చీని ముట్టకయే స్వదేశమునకు తిరిగి వచ్చినది. "నేను చేసినది తప్పా? తప్పైన మానుకొందును. కాదేని మా అమ్మకు మీరు చెప్పుడు. నేను చెప్పిన వినదు" అని కూతురు వ్రాసినది.

మొదట తల్లిగారి పక్షమున మాటాడుదము. ఆమె యభ్యంతరము మూడు ముడులుగల త్రాడు. ఒకటి శుచి, రెండవది శుభాశుభము, మూడవది మర్యాద. ఈ మూటిని కలిపి "ఛీ" అని త్రోసివేయుట సులభము. విడదీసి చూచిననే న్యాయము తెలియును.

శుచి విషయమున తల్లిగారి శంక తోసివేయదగినది కాదు. వీధిలో దొరకిన వస్తువులకు ముఖ్యమైన భయము నల్లులు. మన అమ్మమ్మలు నులకమంచమును ఎండలో వేసి, మరుగునీళ్లు పోసి, కోళ్లను దులిపినది ఊరక కాదు. నల్లి రక్తము లేకయే నెలల తరబడి బ్రదుకగలదు. పరుపు కుట్లలోను, సోఫా మడతలలోను, చెక్క చీలికలలోను దాగియుండి ఒక్క రాత్రిలో ఇల్లు మాఱును. ఆ దేశపు నగరములలో నల్లుల బెడద యొక యింటికి సోకిన వందలకొలది డాలర్లు వ్యయమగును. కావున పరుపు, దిండు, మెత్త కుట్టిన సోఫా, కుర్చీ ఇవి ఎంత క్రొత్తవిగా కనుపించినను వీధినుండి తేనే కూడదు. మసాచుసెట్సు రాష్ట్రమున, అనగా బోస్టనున్న రాష్ట్రమున, 2022 నవంబరు 1 నుండి పరుపులను, బట్టలను చెత్తలో వేయరాదని కట్టడిచేసి, వానిని వేరుగా సేకరించు పద్ధతి పెట్టిరి. పరుపు వలసినవారు క్రొత్తది కొనుటయే మేలు.

కఱ్ఱ, ఇనుము, గాజు, పింగాణి వస్తువులు వేఱు. వానిని ఇంటిలోనికి తెచ్చుటకు ముందే వెలుతురులో నుంచి, తలక్రిందులు చేసి, అతుకులను, మేకు రంధ్రములను, సొరుగుల వెనుక భాగములను పరీక్షింపవలెను. నల్లనిచుక్కలు, ఎండిన పొరలు, తెల్లని చిన్న గ్రుడ్లు కనుపించిన అచ్చటనే విడిచిపెట్టవలెను. గుడ్డ వస్తువులైన యెడల ఉదుకుటకు ముందు బట్టలారబెట్టు యంత్రములో అధికమైన వేడిమిని అరగంట త్రిప్పిన నల్లులును గ్రుడ్లును చచ్చును. ఇది మన మరుగునీళ్ల పద్ధతికి తోబుట్టువే. మన సోదరి ఊగుడుకుర్చీ మెత్తలేని కఱ్ఱకుర్చీ. దానిని వరండాలో పదిదినము లుంచి, సబ్బునీట కడిగి, పాత వార్నీషు గీకి, క్రొత్తది పూసినదట. శుచి విషయమున ఆమె చేసినది చాలును. అంగడిలో కొన్న క్రొత్త కుర్చీ నెవరిట్లు కడుగుదురు?

ఇంకను కొన్ని జాగ్రత్తలు శుచికంటె ముఖ్యమైనవి. ఇవి తల్లిగారికిని తోచినవి కావు. అమెరికాలో ఇండ్లకు, సామానులకు సీసము కలిసిన రంగు వాడుటను 1978లో నిషేధించిరి. అంతకు పూర్వపు రంగుపూసిన బల్లను ఉప్పుకాగితముతో రుద్దిన ఆ ధూళి పసిపిల్లల మెదడునకు హాని చేయును. గర్భిణి యట్టిపని చేయనే రాదు. పసిపిల్లల తొట్టిమంచములలో ఒక ప్రక్కను క్రిందికి జార్చు వీలుగలవి ప్రమాదకరమని తెలిసి, 2011 జూను నుండి వానిని చేయుటయు, అమ్ముటయు, మారుబేరమున అమ్ముటయు ఆ దేశమున నిషిద్ధము. కారులో శిశువును కట్టు ఆసనము ఒకమాఱు ప్రమాదమున కుదుపు తిన్నచో బైటికి చక్కగా కనుపించినను రక్షింపజాలకపోవచ్చును. కావున వీధిలో దొరకిన యే శిశువస్తువునైనను తెచ్చుకొనరాదు, అమ్మరాదు. మన సోదరి జాబులో ఒక తొట్టిమంచమును బాగుచేసి యమ్మవలెనను తలంపు కలదని వ్రాసినది. తల్లీ, ఆ తలంపు మానుకొనుము.

రెండవది శుభాశుభము. "అందులో ఎవరు పోయారో" అను మాటకు మేము నవ్వము. బాలింత యున్న యింట తల్లి గుండె అట్లే కొట్టుకొనును. కాని మన యిండ్లలోనే చూడుడు. తాతగారి పడకకుర్చీలో మనుమడు కూర్చుండి చదువుకొనును. పెద్దమ్మగారి చీరతో బొంత కుట్టి పసిపాపను పరుండబెట్టుదుము. పాత మెత్తని నూలుబట్టయే పొత్తిగుడ్డకు శ్రేష్ఠమని ప్రతి మంత్రసానికిని తెలియును. పోయినవారి వస్తువు ఆశీర్వాదమని మన మెంచుదుము. ఎరుగనివారి వస్తువునందు మాత్రము దోషమెట్లు వచ్చును? అదియు నొక తల్లి తన బిడ్డను జోకొట్టిన కుర్చీయే కావచ్చును గదా! ఊగుడుకుర్చీలు కొనువారిలో పసిపిల్లల తల్లులు తక్కువవారు కారు.

మూడవ ముడి బిగువైనది. అది మర్యాద. తల్లిగారిని నిజముగా నేడ్పించినది నల్లియు కాదు, మృత్యువును కాదు. "చిత్తుకాగితాలు ఏరుకునే పని" అను నామె మాటలోనే యున్నది. ఆ పని నీచమని ఆమె యెంచినది. ఈ భావము ఎచ్చటినుండి వచ్చినదో, దాని వెనుక నేమున్నదో కొంచెము నిదానించి చూతము.

ఏరుకొను వృత్తి క్రొత్తది కాదు. ఐరోపాలో కఱ్ఱగుజ్జుతో కాగితము చేయుట పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వ్యాపించువఱకు, కాగితమునకు మూలము చినిగిన గుడ్డలే. పారిసు నగరమున వేలకొలది స్త్రీ పురుషులు రాత్రులందు లాంతరును, కొంకి కఱ్ఱను, వీపున బుట్టను ధరించి గుడ్డలు, ఎముకలు, గాజుముక్కలు ఏరి కార్ఖానాలకు అమ్ముచుండిరి. గుడ్డ కాగితమగును, ఎముక గుండీయగును, గాజు మరల కొలిమి కెక్కును. 1883 నవంబరులో ఆ మండలపు అధికారియైన యూజెన్ పుబెల్ ప్రతి యింటి యజమానియు మూతగల పాత్రలుంచి, చెత్తను అందు వేయింపవలెనని యుత్తరువు చేసెను. ఇంటి చెత్త యొకదానిలో, గుడ్డలు కాగితము లొకదానిలో, గాజు పింగాణి ముక్కలు ఆల్చిప్పలు ఒకదానిలో వేయవలెనని ఆనాడే నిర్ణయించిరి. నగరము శుభ్రమయ్యెను, కాని ఏరుకొనువారి కూడు పోయెను. వారు గగ్గోలు పెట్టగా కొంత సడలింపు ఇయ్యవలసివచ్చెను. ఆ యధికారి పేరే నేటికిని ఫ్రెంచి భాషలో చెత్తబుట్టకు పేరు. నగరమునుండి నెట్టబడిన వారిలో పలువురు ఉత్తరపు పొలిమేరయైన సెంతువాఁ ప్రాంతమున పాతవస్తువులు పరచి అమ్ముకొనిరి. అదియే క్రమముగా పెరిగి లోకప్రసిద్ధమైన సంత యయ్యెను. దానికి "నల్లుల సంత" కాకున్నను దాని తోబుట్టువైన పేరు, "మిడుగుల సంత" అని వచ్చినది. నేడు ధనవంతులు అచ్చట పాత కుర్చీలను అధికమైన వెలలకు కొని గర్వముతో ఇంట నుంచుకొనుచున్నారు. వస్తువు మారలేదు, చేతులు మారినవి, మర్యాదయు మారినది.

మన దేశమున మాత్రము ఇట్టి సంతలు లేవా? హైదరాబాదు పాతబస్తీలో పురానాపూలు దాపున గురువారపు సంత, జుమ్మేరాత్ బజారు, నడచుచుండును. అచ్చట పాత తాళపుచెవులనుండి పాత తలుపులవఱకు దొరకును. మన వీధులలోనే గంపనెత్తిన యామె "పాతబట్టలకు స్టీలుగిన్నె"లని కేకవేసిన, పది చీరలు ఆరు చొక్కాలు తూకము వేసినట్లు బేరమాడి గిన్నె పుచ్చుకొనని యిల్లు అరుదు. ఆ బట్టలు ఏమగునని మన మడుగము. కట్టదగినవి ఉదికి, కుట్టి, గుండీలు పెట్టి సంతలలో అమ్ముదురు. తగనివి కార్ఖానాలలో యంత్రములు తుడుచు పీలికలగును. అసలైన జరీ చీరలైన వేరుమాట. పట్టుదారముపై వెండితీగె చుట్టి బంగారుపూత వేసినది అసలు జరీ. దానిని కాల్చి వెండి తీయుదురు. నేటి చీరలలో అధికభాగము రాగితీగె జరీయో ప్లాస్టికు జరీయో గనుక వానికి విలువ లేదు. పాతచీర నిచ్చుటకు ముందు కంసాలికి చూపి వెల తెలిసికొనుట ఇల్లాలి వివేకము.

ఇంతకును మన మెరుగవలసిన దేమనగా, పాతవస్తువు మరల నొకరి యక్కర తీర్చుట తరతరములుగా మన ఇండ్ల గడపలోనే జరుగుచున్నది. దానిని మన మిచ్చునంతవఱకు అది గౌరవము. మన బిడ్డ పుచ్చుకొన్నప్పుడు అది అవమానమా?

ఇచ్చట మాయింటి సంగతి యొకటి చెప్పక తీఱదు. కొన్ని నెలలక్రిందట మా చేతినుండి జారి ఊరగాయజాడీ యొకటి పగిలినది. పెంకులను ఒక పలుచని కాగితమున చుట్టి చెత్తసంచిలో వేసితిమి. మరునాడు చెత్త తీసికొనిపోవు నామె అరచేతికి గుడ్డ కట్టుకొని వచ్చినది. ఏమని యడిగితిమి. "ఏదో గుచ్చుకుందమ్మా" అన్నది. మా జాడీయని ఆమె యనలేదు. అనకపోవుటయే మాకు శిక్షగా తోచినది. మూడేండ్లుగా ప్రతిదినము మా వాకిట నిలుచు నామె పేరైనను ఆ దినమువఱకు మే మడుగలేదు. చిత్తుకాగితముల పని నీచమని మనమనుచున్నాము. నీచత పనిలో నున్నదా, మనము సంచి కట్టిన తీరులో నున్నదా?

పూనా నగరమున 1993లో ఇట్టి స్త్రీలు కూడి యొక సంఘముగా నేర్పడిరి. "కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్" అనగా కాగితము, గాజు, రేకు ఏరు శ్రామికుల పంచాయతి అని దానికి పేరు. అచ్చటి స్త్రీల విశ్వవిద్యాలయమున వయోజనవిద్య నేర్పుచుండిన వారు కొందరు వారికి తోడైరి. వారి సభ్యులలో స్త్రీలే అధికసంఖ్యాకులు. తాము భిక్షకులము కామని, దొంగలము కామని, నగరమునకు మేలుచేయు శ్రామికులమని వారు వాదించి పురపాలకసంఘమువారి గుర్తింపుకార్డులు సంపాదించిరి. 2008లో ఆ స్త్రీలదే యగు "స్వచ్ఛ్" అను సహకారసంస్థ పురపాలకసంఘముతో నొడంబడిక చేసికొని ఇంటింటికి పోయి చెత్త సేకరించుటకు పూనుకొన్నది. వాడి వేసిన నెలసరి గుడ్డలను చేతితో విప్పవలసివచ్చు బాధను బైటికి చెప్పుకొనుటకు ఏ స్త్రీ యైన సిగ్గుపడును. వారు సిగ్గును పోనాడి, పాత పత్రికాకాగితములో చుట్టి పైన ఎఱ్ఱని చుక్క పెట్టుడని గృహిణులను వేడుకొనిరి. ఒక్క ఎఱ్ఱచుక్కతో ఒక స్త్రీ మఱియొక స్త్రీ చేతిని కాపాడవచ్చును. 2016లో భారత ప్రభుత్వమువారు ప్రకటించిన నిబంధనలలోను తడిచెత్త, పొడిచెత్త, హానికరమైన చెత్త వేరుచేయవలెననియు, ఇట్టి గుడ్డలను చుట్టి యుంచవలెననియు, ఏరుకొనువారిని గుర్తించి పనిలో చేర్చుకొనవలెననియు విధించిరి.

ఇక కూతురి వంకకు వత్తము. ఆమె చేసినది తప్పు కాదని మా యభిప్రాయము. కాని ఆమె జాబులో రెండు మూడు సంగతులు మాకు రుచింపలేదు.

మొదటిది. "ఉచితముగా దొరకినదానికి వెల పుచ్చుకొనుట న్యాయమా?" యని ఆమె సంశయించినది. ఆమె పంపిన లెక్కనే చూతము. ఒక పుస్తకపుటలమారుకు ఉప్పుకాగితము, జిగురు, రంగు, బండిబాడుగ కలిసి 22 డాలర్లు వ్రయమైనవి. అమ్మగా 60 డాలర్లు వచ్చినవి. మిగిలినవి 38. పనికి పట్టినది 9 గంటలు. అనగా గంటకు నాలుగు డాలర్లకు కొంచె మెక్కువ. ఆ రాష్ట్రమున 2023 నుండి కూలివానికి గంటకు ఇయ్యవలసిన కనీసవేతనము 15 డాలర్లు. కావున ఆమె వెల పుచ్చుకొన్నది అలమారుకు కాదు, తన చేతులకు, అదియు తక్కువగా. ఇందులో అన్యాయమేమియు లేదు. తన పనికి వెలకట్టుకొనుట మన స్త్రీలు ఇంకను నేర్చుకొనవలసిన విద్య. రంపపుపొట్టును జిగురుతో నదిమి చేసిన పలకల సామాను తడిసిన నుబ్బిపోవును. దానిపై శ్రమ వ్యర్థము. అంచున కఱ్ఱగీతలు పైనుండి ప్రక్కకు సాగివచ్చునదియు, సొరుగుమూలలు మేకులు లేక పంటి అతుకుతో కూర్చినదియు గట్టి కఱ్ఱ సామాను. అట్టిదానినే తేవలెను.

రెండవది. కొనువారడిగినప్పుడు "ఊరువిడిచి పోవువారు అమ్మినారు" అని చెప్పుచున్నానని ఆమె వ్రాసినది. ఇది కూడదు. "వీధిలో విడిచినది తెచ్చి బాగుచేసితిని; ఈ కాలు నేను వేసినది; ఈ మరక పోలేదు" అని చెప్పి అమ్మవలెను. చెప్పుటకు సిగ్గైనచో తల్లి మాటను తానును లోలోపల నొప్పుకొన్నట్లే గదా! పని సిగ్గుపడదగినది కానిచో దాచుటెందుకు? దాచినంతకాలము తల్లికి నేమని బదులు చెప్పగలదు?

మూడవది చట్టపు మాట. భర్త యుద్యోగమునుబట్టి ఆ దేశమునకు పోయిన భార్యలలో పలువురు అనుమతిపత్రము లేనిదే ధనార్జన చేయరాదు. 2015లో వచ్చిన నిబంధనవలన వారిలో కొందరికి, అనగా భర్తయొక్క శాశ్వతనివాసపు దరఖాస్తు కొంతవఱకు సాగినవారికి, అట్టి పత్రము పొందు వీలు కలిగినది. చదువుకొన పోయిన పిల్లలకును ఇట్టి కట్టడులు కలవు. తన యింటి పాతకుర్చీని ఊరు మారునప్పు డమ్ముకొనుట వేఱు. అమ్ముటకే తెచ్చి లాభము తీయుట వేఱు. రెండవది వ్యాపారము. తనకు పత్రము కలదని మన సోదరి వ్రాసినది గనుక మాకు నెమ్మది కలిగినది. లేనివారు న్యాయవాదిని అడుగక ఈ పనికి దిగరాదు. పత్రమున్నవారును లాభమును ఆదాయపుపన్ను లెక్కలో చూపవలెను. వీధిలో పెట్టినదెల్ల ఎవరైనను ఎత్తుకొనవచ్చునని అన్ని యూళ్లలోను అనుకొనరాదు. కొన్ని పట్టణములలో సేకరణకై పెట్టిన వస్తువు పురపాలకసంఘమునకు చెందునని కట్టడి యుండును. ఊరి నిబంధన తెలిసికొని, ఇంటివా రెదుటనున్నచో అడిగి తీసికొనుట మర్యాద.

నాలుగవది హితవు మాత్రమే. ఆ వీధులలో తిరుగువారందఱు నీవలె మారుబేరమునకు తిరుగరు. కూర్చుండ కుర్చీలేక వెదకు విద్యార్థియు, పిల్లలకు పళ్లెము వెదకు బీదరాలును ఉందురు. సెప్టెంబరు మొదటి ఉదయమున వారిని ముందు పోనిమ్ము. వంటపాత్రలు, దుప్పట్లు, పిల్లల కుర్చీలు వారికి విడువుము. ఎవరును చేయి వేయని విఱిగిన బల్లను నీవు తెమ్ము. బాగుచేయుటలోనే నీ నేర్పున్నది, ముందు పరుగెత్తుటలో కాదు.

గుంటూరు మండలములో ఈ పుటను చదువుచున్న అమ్మగారికి ఇప్పుడు మా మనవి. అమ్మా! మీ శంకలలో మొదటిది న్యాయము. దానిని మీ బిడ్డ తీర్చినది. రెండవది ప్రేమవలన పుట్టినది. దానిని కాలము తీర్చును. మూడవదానిని మాత్రము మీరే తీర్చుకొనవలెను. మీరు మీ బిడ్డను చదివించితిరి. ఆ చదువు ఆమెకు విఱిగినదానిని పాఱవేయక అతికించు బుద్ధి నిచ్చినది. ఇంట కూర్చుండక పదిమంది నడుమ బేరమాడు ధైర్య మిచ్చినది. మీ వాకిట పాతచీరలకు గిన్నె లిచ్చు నామెయు ఎవరో తల్లి కన్న బిడ్డయే. ఆమె పని నీచము కాదని మీ మనస్సునకు తోచిననాడు మీ బిడ్డ పనియు నీచముగా తోపదు. ఈ రెండును ఒక్కమాఱే తీఱవలసిన ముడులు.

తక్కిన సోదరీమణులకు ఈ మాసపు విన్నపములు మూడు. పగిలిన గాజును దళసరి అట్టలో చుట్టి, పైన "గాజు" అని వ్రాసి, వేరుగా చేతికీయుడు. ఇయ్యదలచిన పాతబట్టలను ఉదికి మడచి యీయుడు, మురికిగుడ్డ దానమగునా? మీ వాకిట చెత్త తీయు నామె పేరడిగి, ఆ పేరుతో పిలువుడు. ఈ మూటికిని కాసు వ్యయము లేదు.

బోస్టను సోదరి తన జాబు చివర నొక పంక్తి చేర్చినది. ఆ ఊగుడుకుర్చీకి మంచి వెల వచ్చినను ఇంతవఱకు అమ్మలేదట. ప్రతి శనివారము తుడిచి, మరల ఆ కిటికీయొద్దనే ఉంచుచున్నదట. వచ్చు వేసవిలో తల్లిగారు మనుమరాలిని చూచుటకు మరల వత్తురని ఆమె యాశ.